పాత 1612 లారీ: ఘాట్ ఎక్కితే నల్ల పొగ, లాగుడు లేదు. పంపు పెంచితే సరిపోతుందా?

జయపురం 1612

అందరికీ నమస్కారం. మాది జయపురం, కొరాపుట్ జిల్లా. నాన్నగారు కొన్న టాటా 1612 బండిని ఇంకా నడుపుకుంటున్నాం. 697 ఇంజన్, టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేది) లేదు, డీజిల్ కొట్టేది మైకో ఇన్‌లైన్ పంపు. చాలా ఏళ్ల కిందట ఒకసారి లోపల అరిగి బోరుకొస్తే లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్లు మార్చారు. సాలూరు వైపు నుంచి సిమెంటో బియ్యమో ఎత్తుకుని సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్, జయపురం రావడం మా రన్నింగ్.

కింద విజయనగరం, సాలూరు రోడ్ల మీద బండి బానే ఉంటుంది. ఘాట్ మొదలయ్యాకే తంటా. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపుల్లో ఇప్పుడు రెండుకి దిగాల్సి వస్తోంది. వెనకవాడికి రోడ్డు కనబడనంత నల్ల పొగ. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. మైలేజీ కూడా పడిపోయింది. స్టార్టింగ్ మాత్రం పొద్దున్నే చలిలో కూడా సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ఇంజన్ ఆయిలు తాగడం లేదు.

ఇక్కడ ఒక మెకానిక్ పంపు స్క్రూ అర చుట్టు తిప్పి డీజిల్ పెంచుతాను, లాగుతుంది అంటున్నాడు. ఇంకొకాయన ఇంజన్ దించాల్సిందే అంటున్నాడు. ఇద్దరూ బండి మీద చెయ్యి వేసి చూడకుండానే చెప్పారు. మీరేమంటారు?

బల్లార్షా బొగ్గులోడు

తమ్ముడూ, ఆ స్క్రూ జోలికి ఎవరినీ పోనివ్వకు. నల్ల పొగ వస్తోందంటే డీజిల్ చాలక కాదు, పోసిన డీజిల్ కాలక. గాలి అందట్లేదు, లేదా సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ సరిగ్గా చిమ్మట్లేదు, లేదా టైమింగ్, అంటే డీజిల్ కొట్టే వేళ, తప్పింది. ఈ మూడింట్లో ఏది అయినా డీజిల్ పెంచితే పొగ పెరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. లాగుడు రాదు.

ఎయిర్ క్లీనర్ ఎప్పుడు విప్పి చూశావు? నీది గిన్నెలో ఆయిలుతో దుమ్ము పట్టే ఆయిల్ బాత్ రకమా, కాగితంతో వడకట్టే పేపర్ ఎలిమెంటా? మా చంద్రపూర్ గనుల రోడ్ల మీద బూడిద, బొగ్గుపొడి కలిసి పేపర్ ఎలిమెంట్‌ని సిమెంట్ పూసినట్టు చేసేస్తాయి. కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి కొట్టి మళ్లీ పెట్టేస్తారు, దాంతో కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. లోపల ఒక బల్బు పెట్టి చీకట్లో తిప్పి చూస్తే తెలుస్తుంది, వెలుతురు చుక్కలు కనిపిస్తే పారేయడమే. ఆ చిల్లులోంచి పోయిన దుమ్ము లైనర్లని అరగదీస్తుంది.

ఇంకోటి. ఎయిర్ క్లీనర్ నుంచి సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌కి పోయే రబ్బరు హోసు చూడు. మా బండిది బయటికి కొత్తదానిలా ఉండేది. లోపలి పొర ఊడిపోయి, రేస్ ఇచ్చినప్పుడల్లా పీల్చుకుని దారి మూసేస్తోంది. ఐడిల్‌లో నిలబెట్టి చూస్తే ఏమీ కనబడదు. ఒకరు క్యాబిన్‌లో రేస్ ఇస్తుంటే ఇంకొకరు హోసుని చేత్తో పట్టుకుని ఉండాలి, సొట్ట పడితే చేతికి తెలిసిపోతుంది.

సిరొంచ టర్బో

నేను ఇంకో మాట చెప్తా, కోప్పడొద్దు. నాది 1613, టర్బో బండి. పంపు కొంచెం పెంచించుకున్నా, లాగుడు కచ్చితంగా పెరిగింది. లోడు మీద గోదావరి ఒడ్డు ఎత్తు మూడోలో ఎక్కేస్తుంది. పెంచితే ఏమీ రాదు అనడం నిజం కాదు.

రాయగడ పంపురూమ్

సిరొంచ అన్నా, నీ బండికి అది ఎందుకు పని చేసిందో, ఈ తమ్ముడి బండికి ఎందుకు చెయ్యదో చెప్తాను. కాస్త పొడుగు పోస్టు.

కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ సిలిండర్లో డీజిల్, గాలి పూర్తిగా కలిసేంత సమయం దొరకదు. అందుకని పొగ లేకుండా నడవాలంటే 20 కిలోల దగ్గర ఉంచుతారు. టర్బో బండిలో గాలి నొక్కి పంపుతుంది కాబట్టి కొంచెం మిగులు ఉంటుంది, ఆ మిగులులో నువ్వు డీజిల్ పోసుకున్నావు. లాగింది. టర్బో లేని ఇంజన్‌కి ఆ మిగులు లేదు. కంపెనీ ఫుల్ లోడ్ స్క్రూని పొగ మొదలయ్యే గీతకి కాస్త ఇవతల పెట్టి సీల్ వేసింది. అది దాటితే వచ్చేది మసి, వేడి.

నీ 1613లో కూడా ఆ వేడి ఎక్కడికి పోతోందో ఆలోచించు. సైలెన్సర్ వేడి ముందు టర్బో మీద, ఎగ్జాస్ట్ వాల్వ్ మీద, పిస్టన్ నెత్తి మీద పడుతుంది. మా దగ్గరకి పంపుతో పాటు కరిగిన పిస్టన్లు తీసుకొచ్చి చూపించేవాళ్లు ఉన్నారు, నెత్తిన అంచు దగ్గర అల్యూమినియం కారిపోయి ఉంటుంది. పంపు పెంచిన వారం తర్వాత ఇలా జరగదు, ఎండాకాలం, ఫుల్ లోడు, పొడుగు ఎత్తు మూడూ కలిసిన రోజున జరుగుతుంది. ఇప్పుడు బాగుంది అంటే ఆ రోజు ఇంకా రాలేదనే. ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటరు ఒకటి పెట్టించుకో, టర్బోకి ముందు 650 నుంచి 700 డిగ్రీలు దాటుతుంటే స్క్రూ వెనక్కి తిప్పించుకో.

ఇక జయపురం తమ్ముడికి. పంపు విప్పించే ముందు బండి మీదే చెయ్యగలిగేది ఒకటి ఉంది. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఒకటో నంబర్ నాజిల్‌కి పోయే డెలివరీ పైపు నట్టు పానాతో కాస్త లూజు చెయ్యి. ఆ సిలిండర్‌కి డీజిల్ ఆగిపోతుంది. ఇంజన్ చప్పుడు మారి, రెవ్ పడితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. నట్టు బిగించి రెండోది. ఇలా ఆరూ. ఏ నట్టు విప్పినా చప్పుడు మారని సిలిండర్ ఏదైనా ఉంటే రోగం అక్కడ. విప్పినప్పుడు పొగ తగ్గిపోతే ఆ నాజిల్ చిమ్మడం లేదు, కారుతోంది. గుడ్డ అడ్డం పెట్టుకో. చిమ్మే డీజిల్‌కి వేలు అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి చర్మం లోపలికి దూసుకుపోతుంది. చిన్న చుక్కలా కనిపిస్తుంది గానీ ఆస్పత్రి పాలు చేస్తుంది.

పర్లాకిమిడి డిప్లొమా

నేను మెకానికల్ డిప్లొమా చదువుతున్నా, ఒక చిన్న లెక్క చెప్పొచ్చా.

కింద బానే ఉండి పైన పొగ రావడంలో కొంత భాగం ఎత్తు వల్లే. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో గాలి సాంద్రత ఎనిమిది శాతం పైగా తగ్గుతుంది. పంపు మాత్రం కిందా పైనా ఒకే కొలత పోస్తుంది, ఎత్తు సంగతి దానికి తెలియదు. కాబట్టి ఘాట్ పైభాగంలో కొంచెం పొగ ఎక్కువ రావడం సహజం.

ఎండ కూడా అంతే. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 47 డిగ్రీల గాలి పది శాతం పలచన. అంటే మే నెలలో చంద్రపూర్‌లో నడిచే బండి, చల్లటి రోజున కొరాపుట్‌లో నడిచే బండి దాదాపు ఒకేలా గాలికి కరువు పడతాయి.

బల్లార్షా బొగ్గులోడు

బాబూ, నువ్వు లెక్క వేసి చెప్పింది మేము ప్రతి మేలో పొగలో చూస్తాం. లెక్క బాగుంది.

జయపురం 1612

ఎత్తు వల్ల అయితే నాన్నగారి రోజుల్లో కూడా రావాలి కదా? అప్పుడూ ఇదే ఘాట్, ఇదే లోడు, మూడోలోనే ఎక్కేవారు.

పర్లాకిమిడి డిప్లొమా

నిజమే అన్నా. ఎత్తు వల్ల వచ్చేది కొంచెమే, మీరు చెప్పినంత కాదు. మిగతాదానికి వేరే కారణం ఉండాలి.

బరంపురం పెద్దాయన

చర్చ చదివాను. స్టార్టింగ్ బావుంది, ఆయిలు తాగట్లేదు అన్నావు. ఈ రెండు మాటలతోనే ఇంజన్ దించాలన్న ఆయన మాట కొట్టేయొచ్చు. కంప్రెషన్ పోయిన ఇంజన్ కొండ చలిలో ఒక్క సెల్ఫ్‌కి అందుకోదు, తెల్ల పొగ వదులుతూ గింజుకుంటుంది. అనుమానం తీరాలంటే ఇంజన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, బోర్లించి ఊరికే పెట్టు. అది ఎగిరి పడుతుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ల పక్కనుంచి గాలి కిందకి కారడం, ఉన్నట్టు. కొంచెం వణికితే ఏం కాదు.

పొగ రంగుల సంగతి కుర్రాళ్లకి మళ్లీ చెప్పాలి. నల్లది గాలికి మించిన డీజిల్. నీలం రంగుది ఆయిలు, అంటే రింగులు, వాల్వ్ గైడ్లు, టర్బో ఉంటే దాని సీళ్లు. తెల్లది కాలని డీజిల్, లేదా హెడ్ ప్యాకింగ్ పోయి లోపలికి దిగుతున్న నీళ్లు. ఆ రెండో తెలుపు తియ్యటి వాసన వేస్తుంది, కూలెంట్ వాడే బండి అయితే.

టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు, ఎప్పుడు పెట్టించావో రాయలేదు. 697కి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. దీని తాత ముత్తాతలు మెర్సిడెస్ ఓఎం 352 ఇంజన్లు, అదే 97 బోరు, 128 స్ట్రోకు, 5,675 సీసీ. టాటా వాళ్లకి జర్మనీ వాళ్లతో ఒప్పందం 1954లో కుదిరి 1969 దాకా నడిచింది. అప్పటి ఇంజన్ పద్ధతే ఇది. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు ఒకటోది పెట్టాలి. రెండు ఊగితే అయిదు, నాలుగు ఊగితే మూడు. అలాగే తిరిగి. ఫీలర్ గేజ్ లాగినప్పుడు పట్టీపట్టనట్టు రావాలి. వేలితో ఊపి 'ఆఁ సరిపోయింది' అనేవాళ్లకి బండి ఇవ్వకు.

వేడి గురించి ఒకటి అడుగుతాను. థర్మోస్టాట్ ఉందా, తీసి పారేశారా?

జయపురం 1612

నాన్నగారి టైములోనే తీసేశారండీ. ఘాట్ బండికి అది ఉండకూడదు అన్నారట.

బరంపురం పెద్దాయన

అనుకున్నాను. ఈ నమ్మకం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. నేను వాదించీ వాదించీ అలిసిపోయాను, అయినా ఇంకోసారి.

థర్మోస్టాట్ మూసుకుని ఉన్నప్పుడు నీళ్లు బైపాస్ దారిన ఇంజన్‌లోనే తిరుగుతాయి. వేడెక్కి తెరుచుకున్నాక రేడియేటర్ దారి తెరిచి, బైపాస్ దారి మూస్తుంది. ఆ రెండో పని ఎవరికీ గుర్తుండదు. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అంటే కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతాయి. సరిగ్గా ఘాట్ మీద, నీకు మొత్తం నీళ్లు రేడియేటర్‌కి పోవాల్సిన టైములో. ఇక కింద మైదానంలో ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, దాంతో కాలని డీజిల్ గోడల మీద ఆయిల్ని కడిగేసి లైనర్లు త్వరగా అరుగుతాయి. పెద్ద ఖర్చు కాదు, కొత్తది వేయించు. వేసే ముందు గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, థర్మామీటరు ముంచి అది తెరుచుకోవడం కళ్లారా చూసుకో. రేడియేటర్‌ని కూడా విప్పించి ట్యూబులు చూడు. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది.

గుణుపురం లారీ

మా బాబాయ్ బండికి థర్మోస్టాట్ లేకుండానే ఇరవై ఏళ్లు నడిచింది మరి.

బరంపురం పెద్దాయన

నడుస్తుంది నాయనా. బోరుకి ఎన్నిసార్లు వచ్చిందో కూడా మీ బాబాయ్‌ని అడుగు.

జయపురం 1612

ఈ ఆదివారం మా బండి క్లీనర్ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని మొత్తం చూశాను. రాస్తున్నా.

ఎయిర్ క్లీనర్ ఆయిల్ బాత్ రకం. గిన్నెలో ఆయిలు జిగురు బురదలా ఉంది, గీతకి పైనే. కడిగి కొత్త ఆయిలు గీత దాకా పోశాం. హోసు గట్టిగానే ఉంది, రేస్ ఇచ్చినా సొట్ట పడలేదు. ఆయిలు మూత బోర్లిస్తే కదల్లేదు. టాపెట్లు రెండు ఎగ్జాస్ట్‌లు టైట్‌గా ఉన్నాయి, పెట్టాం. నట్లు విప్పి చూస్తే 1, 2, 3, 5, 6 సిలిండర్లకి చప్పుడు పడింది. నాలుగోది విప్పితే చప్పుడు పెద్దగా మారలేదు, సైలెన్సర్ దగ్గర పొగ మాత్రం స్పష్టంగా తగ్గింది.

థర్మోస్టాట్ కొత్తది వేశాం. ఘాట్ ఎక్కి చూస్తే పొగ కొంచెం తగ్గినట్టే ఉంది గానీ లాగుడు అలాగే ఉంది. ముల్లు ఇంకా పైకే పోతోంది.

రాయగడ పంపురూమ్

ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిలు గీత దాటి పోసేవాళ్లకి ఒక మాట. పీల్పుడుకి ఆ ఆయిలు ఇంజన్‌లోకి పోతుంది. పోతే ఇంజన్ ఆ ఆయిల్నే తాగి తనంతట తను రేస్ అయిపోతుంది, పంపు స్టాప్ లాగినా ఆగదు. గాలి దారి మూయడం తప్ప మార్గం లేదు. సరదా కాదు.

నాలుగో నాజిల్ తీసుకురా, కానీ ఆరూ కలిపి తీసుకురా. ఒక్కటే కొత్తది వేస్తే అది ఒక ప్రెషర్‌కి తెరుచుకుని మిగతావి ఇంకో ప్రెషర్‌కి తెరుచుకుంటాయి. టెస్టర్ మీద పెట్టి హ్యాండిల్ నొక్కుతాం. మంచి నాజిల్ కిర్రుమని శబ్దం చేస్తూ పొగమంచులా విడుస్తుంది, ఆపగానే చివర పొడిగా ఉంటుంది. పోయినది పిచికారీలా ఒకే దారగా కొడుతుంది, చివర బొట్టు వేలాడుతుంది. ఆ బొట్టే నీ పొగ. బిగించేటప్పుడు కింద రాగి వాషర్లు కొత్తవే వెయ్యి, హోల్లో పాతది ఉండిపోయిందేమో టార్చి వేసి చూసుకో. రెండు వాషర్లు పడితే నాజిల్ పైకి లేచి చిమ్మే చోటు మారిపోతుంది.

పంపు సీల్ ఉందా, తెగిందా? ఉంటే పంపు విప్పొద్దు. ఎవరో తెంపేసి ఉంటే మాత్రం బెంచ్ మీద పెట్టించాలి. పంపులో ఒక్కో సిలిండర్‌కి డీజిల్ తోసే ఆరు ఎలిమెంట్లు ఆరు గాజు గొట్టాల్లోకి ఎంతెంత పోస్తున్నాయో కళ్లకి కనిపిస్తుంది, ఒకే మట్టానికి రావాలి. ఘాట్ మెకానిక్ బండి మీదే పానా పెట్టి పెంచినప్పుడు ఆ గొట్టాలు ఉండవు.

టైమింగ్ కూడా చూపించు. పంపు కప్లింగ్ దగ్గర గుర్తు జరిగి ఉంటే ఆలస్యంగా కొడుతుంది. ఆలస్యంగా కొడితే డీజిల్ పిస్టన్ కిందకి దిగుతుండగా కాలి, వేడంతా సైలెన్సర్‌లోకి పోతుంది. నల్ల పొగ, లాగుడు లేకపోవడం, ముల్లు ఎక్కడం మూడూ దానికీ సరిపోతాయి.

గుణుపురం లారీ

అన్నా ఒక్క ప్రశ్న. బండికి ఎగ్జాస్ట్ బ్రేక్, అదే పొగ గొట్టాన్ని లోపల ఫ్లాప్‌తో మూసి బండి జోరు తగ్గించేది, ఉందా?

జయపురం 1612

ఉందండీ. పాత బండే అయినా ఘాట్ రన్నింగ్ కదా అని నాన్నగారు పెట్టించారు. సుంకి దిగేటప్పుడు దాని మీదే దిగుతాం. కాలి కింద బటన్.

గుణుపురం లారీ

బటన్ వదిలాక ఫ్లాప్ పూర్తిగా తెరుచుకుంటోందా? కిందకి దూరి చూడండి. మేము లక్ష్మీపూర్ వైపు కర్ర లోడు వేసుకుని దిగుతూ రోజంతా అదే వాడతాం. మసి పేరుకుని షాఫ్ట్ సగంలో పట్టేస్తుంది.

బరంపురం పెద్దాయన

ఇదిగో, ఇది అడగాల్సిన ప్రశ్న. నేను టాపెట్ల దగ్గరే ఆగిపోయాను. గుణుపురం, శభాష్.

పర్లాకిమిడి డిప్లొమా

ఫ్లాప్ సగం మూసుకుని ఉంటే లక్షణాలన్నీ సరిపోతాయి. పాత పొగ సిలిండర్ నుంచి పూర్తిగా బయటికి పోదు, దాని చోటు మేరకి కొత్త గాలి లోపలికి రాదు. బయటికి తొయ్యడానికి పిస్టన్ కూడా కష్టపడాలి, అంటే పవర్‌లో కొంత దానికే పోతుంది. వేడి హెడ్ దగ్గరే నిలిచి నీళ్లలోకి దిగుతుంది. మైదానంలో సగం రేస్‌లో పోతున్నప్పుడు పొగ పరిమాణం తక్కువ కాబట్టి ఆ సగం దారి చాలుతుంది. ఘాట్ మీద ఫుల్ రేస్‌లో చాలదు. స్టార్టింగ్‌కి దీంతో సంబంధమే లేదు.

జయపురం 1612

దొరికింది!

కిందకి దూరి చూస్తే పైకి అంతా బానే ఉంది. గాలి సిలిండర్ రాడ్డు వెనక్కి వస్తోంది, స్ప్రింగు లాగుతోంది. మా క్లీనరే పట్టుకున్నాడు, రాడ్డు వస్తోంది గానీ లివర్ పూర్తిగా రావట్లేదన్నా అని. లింక్ పిన్ను దగ్గర రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగి, రాడ్డు కదిలినంత లివర్ కదలట్లేదు. పైపు ఫ్లాంజ్ విప్పి లోపలికి టార్చి వేశాం. ఫ్లాప్ అడ్డంగానే ఉంది, నిలువుకి రావడానికి ఇంకా చాలా ఉంది. అంచుల చుట్టూ మసి రాయిలా గట్టిపడింది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులుగా రాలింది. షాఫ్ట్ చేత్తో తిప్పితే తిరగనే లేదు.

ఫ్లాప్‌ని పూర్తిగా తెరిచి, కదలకుండా తీగతో కట్టేసి, ఎగ్జాస్ట్ బ్రేక్ గాలి పైపు విప్పేసి అదే లోడుతో సుంకి ఎక్కాం. మూడోలోనే లేచింది. ముల్లు సగం దాటి కాస్త పైకి వచ్చి ఆగిపోయింది. పొగ ఉంది, మలుపు దగ్గర గేరు మార్చి రేస్ ఇచ్చినప్పుడు నల్లగా ఒక ఊపు వచ్చి పలచబడిపోతోంది. నాలుగో నాజిల్ ఇంకా మార్చలేదు, ఈ వారం రాయగడ వస్తాను.

ఇంజన్ దించాలన్న ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. మౌనం.

బల్లార్షా బొగ్గులోడు

పంపు పెంచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. మూసుకున్న దారిలోకి ఇంకా డీజిల్. హెడ్ పగిలేది.

ఫ్లాప్ కట్టేశావు సరే, దిగేటప్పుడు జాగ్రత్త. ఎగ్జాస్ట్ బ్రేక్ లేదని మర్చిపోకు. ఎక్కిన గేరులోనే దిగు, న్యూట్రల్ మాట వద్దు. బ్రేకు లైనర్లు కాలితే ఏ బ్రేకూ పట్టదు.

సిరొంచ టర్బో

నా ప్రశ్న. తమ్ముడి 1612కి నా 1613లాంటి టర్బో తగిలిస్తే ఘాట్ సమస్యే ఉండదు కదా? పాత ఇనుప సామాను దుకాణాల్లో టర్బో దొరుకుతుంది, మానిఫోల్డ్ కూడా.

రాయగడ పంపురూమ్

టర్బో తగిలించడం బోల్టుల పని. ఇంజన్ దాన్ని మోయడం వేరే సంగతి. టర్బో ఇంజన్‌కి పిస్టన్లు వేరు, పంపు సెట్టింగ్ వేరు, టర్బో బేరింగ్‌కి ఆయిలు సరఫరా, వాపసు పైపు కావాలి. ఇవేవీ మార్చకుండా బూస్ట్ ఇస్తే గ్యాస్కెట్ ముందు పోతుంది. కాగితాల వైపు చూసినా, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఫిట్‌నెస్‌లో పట్టుకుంటే ఇబ్బంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి అది ఏటా ఉంటుంది కూడా.

నీ 1613 టర్బో గురించి మాత్రం ఒకటి. ఘాట్ ఎక్కి పైన టీ కోసం ఆపినప్పుడు వెంటనే ఇంజన్ ఆపేస్తున్నావా? రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. ఆపగానే ఆయిలు రావడం ఆగిపోతుంది, ఎర్రగా కాలి ఉన్న షాఫ్ట్ దగ్గర మిగిలిన ఆయిలు బొగ్గై బేరింగ్ తినేస్తుంది.

సిరొంచ టర్బో

టీ తాగేటప్పుడు ఇంజన్ నడుస్తూ ఉంటే హోటల్ వాడు తిడతాడన్నా. సరే, చేస్తా.

గుణుపురం లారీ

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి. మా దగ్గర పాత బండి అనగానే ఎక్కువ అడుగుతున్నారు.

పర్లాకిమిడి డిప్లొమా

బండి నిలబెట్టి ఒక్కసారిగా ఫుల్ రేస్ ఇచ్చి పొగ సాంద్రత కొలుస్తారు. బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం)కి ముందు బండ్లకి పరిమితి మీటరుకి 2.45, పాత లెక్కలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. బీఎస్-4 బండ్లకి 1.62. నాజిళ్లు, ఎయిర్ క్లీనర్ బాగుంటే పాత 697 కూడా దాటుతుంది. టెస్ట్‌కి ముందు ఇంజన్ బాగా వేడెక్కించి వెళ్లండి, చల్లటి ఇంజన్ ఎక్కువ చూపిస్తుంది. లోపల పేరుకున్న మసి ముందే పోయేలా రెండు మూడు సార్లు రేస్ ఇచ్చుకుంటే మంచిది.

బల్లార్షా బొగ్గులోడు

ఇక్కడ కొందరు ఇప్పటి డీజిల్‌లో గంధకం లేదు, పంపు అరిగిపోతుంది అని ట్యాంకులో టూ స్ట్రోక్ ఆయిలు కలుపుతున్నారు. పంపురూమ్ అన్నా, ఇది నిజమా?

రాయగడ పంపురూమ్

గంధకం తగ్గింది నిజం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్‌లో 10 పీపీఎం మించకూడదు, దానికి ముందు 50. గంధకం తీసేసే పద్ధతిలో డీజిల్ జిడ్డుతనం కూడా కొంత పోతుంది, అందుకే కంపెనీలో అడిటివ్ కలిపి పంపుతారు. దానికి కూడా పరీక్ష ఉంది, అరుగుడు గుర్తు 460 మైక్రాన్లు దాటకూడదు. మంచి బంకులో కొట్టించే బండికి టూ స్ట్రోక్ ఆయిలు అక్కర్లేదు. నా బెంచ్ మీదకి వచ్చే అరిగిన ప్లంజర్లలో (పంపులో డీజిల్ తోసే కడ్డీలు) నేను చూసేది నీళ్లు, మట్టి. వానాకాలంలో ట్యాంకు అడుగు నీళ్లు, ఎన్నాళ్లకీ మార్చని ఫిల్టర్లు. డీజిల్‌లోని నీళ్లు అడుక్కి దిగే సెడిమెంటర్ గిన్నె రోజూ పొద్దున్న ఒక చిటికెడు వదిలితే చాలు. ప్లంజర్ మీద గీత పడిందంటే పాలిష్ చేసి బాగు చేస్తానని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఫిల్టర్ మార్చాక ఎయిర్ తీసే పద్ధతి కూడా సరిగ్గా చెయ్యండి. ఫీడ్ పంపు హ్యాండిల్ కొడుతూ ముందు ఫిల్టర్ మీది స్క్రూ, బుడగలు ఆగి శుభ్రమైన డీజిల్ వచ్చాక బిగించి, తర్వాత పంపు మీది స్క్రూ. సెల్ఫ్ గంటకొట్టినట్టు కొట్టి బ్యాటరీ దించుకోవడం కాదు.

జయపురం 1612

ఆరు నాజిళ్లూ రాయగడలో చూపించాను. నాలుగోది, ఆరోది పోయాయి, చివరలు మార్చారు, మిగతావి ప్రెషర్ సరిచేశారు. పంపు సీల్ ఒరిజినలే, ముట్టుకోలేదు. కప్లింగ్ గుర్తు సరిగ్గానే ఉంది.

మొత్తం లెక్క వేస్తే థర్మోస్టాట్, నాజిళ్లు, వాషర్లు, ఫ్లాప్ కడిగిన కూలీ. ఇంజన్ దించితే అయ్యే దానిలో చిన్న ముక్క. మైలేజీ మళ్లీ దారికొచ్చింది.

ఇప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ లేకుండా దిగడం కష్టంగా ఉంది. ఫ్లాప్ శుభ్రంగా కడిగాం, షాఫ్ట్ వదులైంది, కానీ దాన్ని పట్టి ఉంచే బుష్‌లు అరిగి ఊగుతోంది. కొత్త అసెంబ్లీ ఇక్కడ దొరకట్లేదు. లేత్ దగ్గర చేయించుకోవచ్చా? ఇత్తడి బుష్ వేస్తానంటున్నాడు. షాఫ్ట్‌కి ఏ గ్రీజు పెట్టాలి?

బరంపురం పెద్దాయన

ఇత్తడి వద్దు. ఆ వేడికి ఉబ్బి షాఫ్ట్‌ని పట్టేస్తుంది, మళ్లీ మొదటికే. పోత ఇనుముతో చేయమను, కాస్త ఎక్కువ క్లియరెన్స్ ఇవ్వమను. చల్లగా ఉన్నప్పుడు కొంచెం ఆడినట్టు ఉండాలి, దానివల్ల పొగ కాస్త కారినా నష్టం లేదు. గ్రీజు, ఆయిలు రెండూ వద్దు, కాలి మసి అయిపోతాయి. గ్రాఫైట్ పొడి పెట్టు. లింక్ పిన్ను రంధ్రం కూడా పూడ్చి కొత్తగా వేయించు, లేకపోతే బుష్ మార్చి లాభం లేదు. స్ప్రింగు పాతదే అయితే దాన్నీ మార్చు.

గుణుపురం లారీ

మా బండికి పోత ఇనుముదే వేయించాం, పర్లాకిమిడి రోడ్డులో లేత్ దగ్గర. కొలతలు కావాలంటే పాత బుష్ తీసుకెళ్లండి అన్నా, ఫొటో చూసి చెయ్యడు. ఇంకో మాట, వారానికొకసారి బండి నిలబెట్టి ఇద్దరు చూడండి. ఒకరు బటన్ నొక్కి వదలాలి, ఇంకొకరు కింద నుంచి రాడ్డుని కాదు, లివర్‌ని చూడాలి.

జయపురం 1612

రేపే వెళ్తున్నా. పాత బుష్‌లు రెండూ డాష్‌బోర్డులో పెట్టుకున్నా.